రుచి చూడని వంటవాడు

మూడు వందల మంచాల ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లు వంట చేసిన మనిషి, తను వండింది ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయారు. ఆ వంటింటి గోడ మీద ఎర్రరంగుతో రాసిన రూలు ఇప్పటికీ ఉంది: ‘వండేవారు రుచి చూడరాదు.’ ఎంగిలి గరిటె మళ్లీ గిన్నెలో పడితే రోగుల గతి ఏం కావాలని ఎప్పుడో ఒక పెద్ద డాక్టరు పెట్టిన రూలది. ఆ డాక్టరు రిటైరయ్యాడు గానీ రూలు కాలేదు.

రుచి చూడ్డానికి వేరే మనిషి ఉంది. అందరూ ఆవిడని పత్యం సిస్టరు అనేవారు. పదకొండింటికల్లా వచ్చి, జేబులోంచి సొంత చెంచా తీసి, గిన్నెల వరస ముందు నిలబడి, గిన్నెకొక ‘ఊఁ’ చొప్పున పారేసి వెళ్లేది. ఆ ఊఁ పడితేనే భోజనాల బండి వార్డులకి కదిలేది.

మన వంటవాడిని ఆసుపత్రిలో గంగాళం అనేవారు. మనిషి ఆకారం అలాంటిది, మనసు కూడా అంతే వెడల్పు. నాలుకతో పని లేకపోయేసరికి అతని ముక్కూ చెవులూ అడవిలో జంతువులకి ఉండాల్సినంత పదునెక్కాయి. మూత కొట్టుకునే చప్పుడు విని, పప్పు ఎన్నో నిమిషంలో ఉందో చెప్పేవాడు. ఒకసారి రెండో అంతస్తులో పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాడట. కింద బంగాళాదుంపలు అడుగంటబోతున్న వాసన తగిలింది. నోట్లో దూది నోట్లోనే ఉంది, మనిషి మాత్రం మెట్ల మీద ఉన్నాడు. వెనకాల డాక్టరు, డాక్టరు వెనకాల నర్సు. దుంపలు బతికాయి. ఆ పన్ను ఇప్పటికీ అలాగే ఉంది.

“నా చేతి వంట తిన్నవాడు పదిరోజులు ఉండాల్సింది ఆరోరోజుకే లేచి ఇంటికెళ్లిపోతాడు” అని గొప్పగా చెప్పుకునేవాడు. లెక్కకి అది నిజమే. ఆ ఆసుపత్రిలో రోగులు నిజంగానే తొందరగా వెళ్లిపోయేవారు.

అంతమందికి పెట్టే మనిషి తను తినేది ఏమిటంటే, బన్ను. పొద్దుటి నుంచీ పొగా ఆవిరీ పీల్చీ పీల్చీ మధ్యాహ్నానికి ఆకలి చచ్చిపోయేది. మూడున్నరకి ఒక బన్ను, ఒక అరటిపండు, అదీ నిలబడే. రాత్రి గదికి పోయాక మళ్లీ బన్ను. ‘ఇంకొంచెం వేసుకో’ అనే మనిషి ఎదురుగా లేకుండా నలభై రెండేళ్లు గడిచిపోయాయి. పెళ్లి సంబంధం చూడబోయినవాళ్లు ఎలాంటి అమ్మాయి కావాలని అడిగితే అందం అనలేదు, చదువు అనలేదు. “ఎదురుగా కూర్చుని తినే మనిషైతే చాలు” అన్నాడు. ఇదేం కోరికరా అని వాళ్లు నవ్వుకుని, వేరే పనుల్లో పడిపోయారు.

చివరికి తనే వెతుక్కున్నాడు. ఒకరోజు కొత్తగా చేయించిన గరిటె పట్టుకుని బస్సెక్కాడు. అతని గరిటంటే మీ ఇంట్లో గరిటె అనుకునేరు, దాని మీద బట్టలు ఆరేసుకోవచ్చు. గరిటె తల ముందు సీట్లో ఉంటే కాడ వెనక సీట్లో ఉంది. కండక్టరు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు విప్పితే పక్క బస్సు కూడా ఆగుతుంది. బస్సు ఆపడానికి వేసే కేకే పేరైపోయి, డిపోలో ఆమెని హోల్డాన్ అనేవారు.

“గరిటెకి కూడా టికెట్టు తీసుకోవాలి.”

“గరిటె నిలబడే వస్తుంది కదమ్మా.”

“నిలబడినా టికెట్టే. ఇదిగో గరిటెగారూ, కాస్త లోపలికి జరగండి, వెనకాల మనుషులున్నారు!”

బస్సంతా నవ్వింది. గంగాళం చెవులు ఎర్రబడ్డాయి. మర్నాటి నుంచీ మూడు నెలలు ఆ బస్సే ఎక్కాడు. అతని గది ఆ బస్సు వెళ్లే వైపు కాదు, సరిగ్గా దానికి ఎదురు వైపు. నాలుగో నెలలో ఆమె టికెట్టు చింపుతూ, “ఏమయ్యా, రోజూ ఎక్కడికి పోతున్నావు? చివరి స్టాపులో చెరువు తప్ప ఏమీ లేదే” అంది. ఇంక నీళ్లు నమలకుండా అడిగేశాడు. ఆమె ముందు హోల్డాన్ అంది, రెండు స్టాపులు ఆలోచించి రైట్ అంది.

రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. మెట్ల పక్కన వంటిల్లు, అటు రెండడుగులు, ఇటు మూడడుగులు. గంగాళం ఒక బల్లా, రెండు కుర్చీలూ మోసుకొచ్చాడు. తన దగ్గరున్న గిన్నెల్లోకెల్లా చిన్నది కూడా తెచ్చాడు. అందులో రెండేళ్ల పిల్లకి స్నానం చేయించొచ్చు. హోల్డాన్ తెచ్చుకున్న వంటసామాను ఒక మూకుడు, ఒక చెంచా.

“కంచం ఏది?” అన్నాడు.

“కంచం దేనికి? మూకుడుంది కదా.”

ఆమె అలవాటు అలాంటిది మరి. పదకొండేళ్లు ఒంటరిగా ఉంది. బస్సు స్టాండులో ఆగేది ఏడు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు ప్రయాణికులతో వాదనకి పోతే, మూడు నిమిషాల్లో నిలబడి తినాలి. ఇంట్లో కూడా కాళ్లు ఆ అలవాటు మానలేదు. పొయ్యి ముందు నిలబడి, మూకుట్లోంచే, చెంచాతో. వంట అయ్యేసరికి భోజనం కూడా అయిపోయేది.

మొదటిరోజు సాయంత్రం గంగాళం వంట మొదలుపెట్టాడు. మూడు వందల మందికి తెలుసు గానీ ఇద్దరికి ఎలా? ఒక్క ఉల్లిపాయ తీసి చేతిలో పెట్టుకుని చూశాడు. కొయ్యకముందే కళ్లు తడిశాయి, పాపం ఒక్కతే అనిపించి. దానికి తోడుగా ఇంకొకటి, ఆ రెంటికీ తోడుగా ఇంకో ఎనిమిది. ఆ రాత్రి ఆ మేడలో ఉన్న ఇళ్లన్నిట్లోకీ కూర వెళ్లింది. రెండోరోజు కూడా వెళ్లింది. మూడోరోజు వాళ్లు తలుపులు తీయలేదు.

ఆ మొదటిరోజే, కూర పొయ్యి మీద ఉండగానే చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఏమైంది?” అంది ఆమె.

“అయిపోయింది.”

“ఉప్పు చూశావా?”

“నేనెందుకు చూస్తాను? అది సిస్టరుగారి పని.”

“ఇక్కడ సిస్టరు ఎవరయ్యా?”

గంగాళం ఆమె వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. గోడ తప్ప ఎవరూ లేరు.

అలా ఆమెకి ఆ ఉద్యోగం పడింది. ఒక చెంచా నోట్లో వేసుకుంది. కళ్లు ఒకసారి పైకి వెళ్లి వచ్చాయి. ఉప్పు వేసింది, కారం వేసింది, కలిపి రెండో చెంచా చూసింది. మూడోది ఉడికిందో లేదోనని. నాలుగోది, మూడోది తొందరపడి మింగాను, సరిగ్గా తెలీలేదని. అయిదోది, చెంచా ఎలాగూ ఎంగిలైంది కదాని. ఆరోదానికి కారణం కూడా చెప్పలేదు. ఆమె కూర సరిచేసిందంటే అమృతంలా ఉండేది, అందులో వంక పెట్టడానికి లేదు. తీరా గంగాళం బల్ల మీద రెండు కంచాలు పెట్టి, తుడిచి, మళ్లీ తుడిచి, “రా, కూర్చో” అనేసరికి ఆమె నడుం మీద చెయ్యేసుకుని త్రేన్చింది.

“నువ్వు తినయ్యా. నాకు కడుపు నిండిపోయింది.”

అతను ఒక్కడే తిన్నాడు. ఎదురుగా ఖాళీ కంచం. బన్నుకీ కూరకీ తేడా ఉంది గానీ ఒంటరితనానికీ ఒంటరితనానికీ ఏముంటుంది?

వంట ఆమె చేస్తే మేలేమో అనుకున్నారు. అది ఇంకా అన్యాయం. ఆమె వండిన రోజున బల్ల దాకా మూకుడు వచ్చేది గానీ అందులో కూర వచ్చేది కాదు. పోనీ అని ఒకరోజు ఆమెని మేడ మీదికి బట్టలు తేవడానికి పంపించి, ఆ సందులో వడ్డించేశాడు. ఆమె వచ్చి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, ఆగింది, కంచం పట్టుకుని లేచింది.

“ఎక్కడికి?”

“పొయ్యి దగ్గరికి. దీనికి వైద్యం చెయ్యాలి.”

ఆ వైద్యం పూర్తయ్యేసరికి ఆమె భోజనం అక్కడే పూర్తయింది.

ఇలా రెండు నెలలు. ఒక గురువారం హోల్డాన్ డిపో నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ అంది. “ఇకనుంచి మార్చి మార్చి డ్యూటీలు ఉండవట. పొద్దుటి బండి కావాలో సాయంత్రం బండి కావాలో సోమవారంలోగా రాసివ్వమన్నారు. ఒకసారి రాసిస్తే మళ్లీ మార్చరు.”

“పొద్దుటిదే కదా?” అన్నాడు గంగాళం.

“సాయంత్రం బండికి రద్దీ తక్కువ. పొద్దున్నే లేచే బాధ లేదు. అయినా సాయంత్రం నేను ఇంట్లో ఉండి చేసేదేముంది? నువ్వు బల్ల దగ్గర కూర్చుని నా వైపు తప్పిపోయిన దూడలా చూస్తావు. నాకు పాపం చేసినట్టు ఉంటుంది. నాకు ఆకలి ఉంటే కూర్చోనా?”

“ఆకలి పొయ్యి దగ్గరే చంపుకుని వస్తే బల్ల దగ్గర ఎలా ఉంటుంది?”

“నువ్వు రుచి చూసి వండితే నేను పొయ్యి దగ్గరికి ఎందుకు వస్తాను?”

సాయంత్రం బండి అంటే ఆమె ఇల్లు చేరేసరికి ఊరంతా నిద్రపోతుంది, తెల్లవారకముందే అతను ఆసుపత్రి వంటింటికి పోవాలి. ఒకే ఇంట్లో ఉండి ఒకరి నిద్ర ఒకరు చూసుకోవడమే. ఎదురుగా కూర్చుని తినే మనిషి కోసం పెళ్లి చేసుకున్నవాడికి ఇక జన్మలో ఆ భోజనం లేదు.

“ఆదివారం దాకా ఆగు” అన్నాడు. “ఆదివారం సాయంత్రం నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు. నేనే చూసుకుంటాను. ఇద్దరం కూర్చుని తిందాం. అప్పటికీ కుదరకపోతే నీ ఇష్టం.”

“సరే, ఆదివారమే. కుదరకపోతే సాయంత్రం బండే రాసిస్తా. మళ్లీ గొణక్కూడదు.”

మర్నాడు పత్యం సిస్టరు కోసం ఆత్రంగా ఎదురుచూశాడు. ఆవిడ వచ్చింది, చెంచా తీసింది, గిన్నెలకి ఊఁ కొట్టింది. వెళ్లబోతుంటే అడ్డంగా నిలబడ్డాడు.

“సిస్టరుగారూ, ఒక్క విద్య నేర్పండి. రోజూ పధ్నాలుగు గిన్నెలు రుచి చూస్తారు కదా, మళ్లీ మధ్యాహ్నం క్యారియరు మొత్తం ఎలా తినగలుగుతున్నారు?”

ఆవిడ చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది. “వచ్చే నెల నేను రిటైరైపోతున్నాను, నీ దగ్గర దాపరికం ఎందుకు నాయనా. నేను రుచి చూసింది ఒక్కసారే.”

“ఈవేళా?”

“పంతొమ్మిదేళ్ల కిందట. నువ్వు చేరిన రోజున.”

గంగాళం చేతిలో మూత జారి గచ్చు మీద పడింది. అది గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

“మరి ఆ చెంచా?”

“గిన్నెలో ముంచుతాను, తీస్తాను, ఊఁ అంటాను. అందరూ బాగా ఉడికిందా అని అడుగుతారు గానీ రుచిగా ఉందా అని ఎవరూ అడగలేదు. ఉడికిందో లేదో కంటితో చూస్తేనే తెలుస్తుంది. ఆ విషయంలో నీకు వంక పెట్టలేం.”

“మరి రోగులు తొందరగా కోలుకుని వెళ్లిపోతున్నారు కదండీ?”

“తొందరగా వెళ్లిపోతున్నారు” అంది ఆవిడ, కోలుకోవడం సంగతి ఎత్తకుండా.

ఆవిడ వెళ్లాక గంగాళం గిన్నెల దగ్గరికి వెళ్లాడు. ఒక గిన్నెలో కాస్త తీసి, వేరే గ్లాసులో పోసుకుని, రూలు రాసిన గోడ వైపు వీపు పెట్టి, నోట్లో పోసుకున్నాడు. తడిసిన సున్నం గోడని నాకినట్టుంది. రెండో గిన్నె కూడా చూశాడు. అది ఆరిన గోడ.

ఆరోజు ఉప్పు వేయకూడని గిన్నెల జోలికి వెళ్లకుండా, వేయొచ్చన్న గిన్నెలన్నీ సరిచేశాడు. చెయ్యి కుదరలేదు, ఎక్కువ తక్కువలయ్యాయి, కానీ ఏదో ఒక రుచంటూ వచ్చింది. ఆ సాయంత్రం డిశ్చార్జి కావాల్సిన ముసలాయన ఒకడు తనకి ఇంకా నడుం నొప్పిగా ఉందనీ, ఇంకో రెండు రోజులు ఉంటాననీ పట్టుబట్టాడని చెప్పుకుంటారు. ఆయన చేరింది కంటి ఆపరేషనుకి.

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఏమని చెప్తాడు? పంతొమ్మిదేళ్ల గొప్ప ఒక్క గ్లాసులో మునిగిపోయిందనా?

ఆదివారం వచ్చింది. హోల్డాన్‌కి ఆరోజు కూడా డ్యూటీ ఉంది. నాలుగింటికి దిగి ఇంటికి వచ్చి, ముందుగదిలో కూర్చుని ఏదో పాత పుస్తకం తిరగేయడం మొదలుపెట్టింది. వంటింటి వైపు చూడటం లేదు. ఒకసారి లేచింది, గుమ్మం దాకా వచ్చింది, “మంచినీళ్ల కోసం” అంది. గంగాళం గ్లాసు చేతికిచ్చి, గరిటెతో దారి చూపించాడు. ఆమె వెళ్లిపోయింది.

పొయ్యి మీద టమాటా కూర ఉంది, పక్కన పప్పు ఉంది. ఈసారి మూకుట్లోనే, ఇద్దరికే. గంగాళం చేతిలో చెంచా ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. మూడు వందల మందికి వండినప్పుడు పట్టలేదు.

మొదటి చెంచా చప్పగా ఉంది. ఉప్పు వేశాడు. ఇంకా చాలలేదు. ఇంకొంచెం వేశాడు. ఎక్కువైంది. రెండు టమాటాలు కోసి పడేశాడు. అవి ఉడికేదాకా పప్పు చూశాడు. బాగుంది. నిజంగా బాగుందా? మళ్లీ చూశాడు. బాగుంది. తన వంట బాగుండటం అతనికి కొత్త, నమ్మకం కుదిరేదాకా నాలుగైదుసార్లు చూశాడు. కూరలో ఉప్పు కుదిరింది, ఇప్పుడు పులుపెక్కింది. కాస్త చక్కెర వేశాడు. చూశాడు. కారం వేశాడు. చూశాడు. అప్పుడు నాలుక మీద ఏదో వెలిగింది. వేడిగా, పుల్లగా, చివర్లో తియ్యగా. ఇది నేను చేశానా అనుకున్నాడు. అనుమానం తీరడానికి ఇంకో చెంచా. ఆనందం కోసం ఇంకోటి. రూలు పెట్టిన పెద్ద డాక్టరుని ఉడికించడానికి ఇంకోటి.

“ఏమయ్యా, ఏడైంది!” ముందుగదిలోంచి కేక.

“వస్తున్నా వస్తున్నా!”

రెండు కంచాలు పెట్టాడు. హోల్డాన్ బల్ల దగ్గరికి రావడం కాదు, వాలింది. చెయ్యి కడుక్కుని, కలుపుకుని, మొదటి ముద్ద పెట్టుకుంది. ఆమె నమలడం ఆపింది. కంచం పట్టుకుని లేస్తుందేమోనని అతని ప్రాణం పైపైనే కొట్టుకుంది.

ఆమె లేవలేదు. రెండో ముద్ద కలిపింది. మూడోది. ప్లాట్‌ఫారం మీద బస్సు పట్టుకోబోయే మనిషిలా తింటోంది.

“ఆకలి మీద ఉన్నావే!” అన్నాడు.

“ఉండనా మరి? మధ్యాహ్నం క్యారియరు డ్రైవరుకి ఇచ్చేశాను. పొద్దుటి నుంచీ మంచినీళ్లే. మూడో ట్రిప్పులో కళ్లు తిరిగి ఒక పెద్దాయనకి రెండుసార్లు టికెట్టు కొట్టాను. నీ ఎదురుగా ఒక్క పూటైనా కడుపు మాడ్చుకుని వచ్చి కూర్చోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.” అప్పుడు తలెత్తి అతని కంచం చూసింది. అందులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. “నువ్వు తినవేం?”

గంగాళం ముద్ద కలిపాడు. ఎత్తాడు. నోటి దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. రెండో చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది.

“ఏమైంది? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది.”

“మరి?”

“నిండిపోయింది.”

“ఏంటి నిండిపోయింది?”

గంగాళం మూకుడు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఇద్దరికి వండిన కూరలో ఆమె కంచంలోకి వచ్చింది పోగా అడుగున నాలుగు టమాటా తొక్కలే మిగిలాయి. హోల్డాన్‌కి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. నోట్లో ముద్ద ఉండగా నవ్వు ఆపుకోబోయి పొలమారింది. నెత్తి మీద చరుచుకుంటూ, కన్నీళ్లు తుడుచుకుంటూ, బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. మెట్ల అవతల ఎవరో తలుపు తీసి మళ్లీ వేసుకున్నారు, కూర వస్తుందేమోనని భయపడి.

“దొంగా! రెండు నెలలు నా వైపు తప్పిపోయిన దూడలా చూశావు కదా!”

“ఒక్క చెంచాతో ఆగొచ్చనుకున్నా” అన్నాడు గంగాళం దీనంగా. “ఆగదే అది. నీకెప్పుడూ చెప్పలేదేం, ఇంత బాగుంటుందని?”

ఇక దాచడానికి ఏమీ మిగలక, సిస్టరు సంగతి, గ్లాసు సంగతి, సున్నం గోడ సంగతి అన్నీ చెప్పేశాడు. ఆమె మళ్లీ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. చేత్తో అన్నం కెలికింది. “పంతొమ్మిదేళ్లా! ఒక్కరు కూడా నీకు చెప్పలేదా?”

“ఎదురుగా ఎవరున్నారు చెప్పడానికి?”

ఆమె ఎడం చేత్తో చేతిసంచి దగ్గరికి లాక్కుంది. డిపో వాళ్లిచ్చిన కాగితం తీసి, కలం మూత పంటితో లాగింది. గంగాళం కాగితం చూడలేక కిటికీ వైపు చూశాడు. గీసిన చప్పుడు వినిపించింది. అతని చెవులకి పప్పు ఎన్నో నిమిషంలో ఉందో తెలుస్తుంది గానీ కలం ఏం రాసిందో తెలీలేదు.

“ఏ బండి?” అన్నాడు.

“పొద్దుటిదేనయ్యా. సాయంత్రాలు నిన్ను పొయ్యి దగ్గర ఒంటరిగా వదిలితే నెల తిరక్కుండానే నువ్వు గుమ్మంలో పట్టవు.” కాగితం మడిచి సంచిలో పడేసింది. “ఇదిగో, రేపటి నుంచీ నాకొక చెంచా, నీకొక చెంచా. ఎవరు రెండోది ముంచినా ఆ పూట అంట్లు వాళ్లవే.”

“ఉప్పు తేలకపోతే?”

“తేలకపోతే బల్ల దగ్గరికి వచ్చి తేల్చుకుందాం. ఇద్దరం కలిసే.” అతని కంచం ముందుకి తోసింది. “ఇప్పుడు మాత్రం ఒక్క ముద్ద తిను. నేను ఇంతసేపు ఆకలితో ఉన్నది నీ పొట్ట చూడ్డానికి కాదు.”

గంగాళం కళ్లు గట్టిగా మూసుకుని ఒక్క ముద్ద తిన్నాడు. అది ఎక్కడికి వెళ్లిందో ఆ దేవుడికే తెలియాలి. ఆమె మిగిలిన అన్నం కలుపుకుంటూ, “ఇంకొంచెం వేసుకో” అంది.

“చంపేస్తావా?” అన్నాడు గంగాళం, కంచం ముందుకి చాపుతూ.